పావుగంట పాఠం

కూర్మనాథం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ముప్పై ఆరేళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి ఆయన. ఆ చుట్టుపక్కల నాలుగు మండలాల్లో సుద్దముక్క పట్టినవాళ్లలో సగంమంది ఆయన చేతికింద తయారైనవాళ్లే. వాళ్లలో ఎవరికి ఏ చిక్కు వచ్చినా ఆదివారం పొద్దున్నే ఆయన వరండా ఎక్కేవాళ్లు. ఒకసారి కొత్తగా చేరిన పంతులమ్మ ఒకావిడ వచ్చి, అరవైమంది పిల్లల్ని అల్లరి చెయ్యకుండా ఎలా కూర్చోబెట్టాలి మాస్టారూ అని అడిగింది. కోతలైన పొలాల్లో బాతులు మేపుకునేవాళ్లు ఊరవతల దిగారు, ఒక పూట వాళ్ల వెంట తిరిగి రా అమ్మా అన్నారాయన. ఆవిడ మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చింది. ఏం చూశావని ఆయన అడగలేదు, ఏం తెలిసిందో ఆవిడా చెప్పలేదు. తరవాత ఆవిడ తరగతిలో గొంతు చించుకోవడం ఎవరూ వినలేదని మాత్రం చెప్పుకుంటారు. తిక్క మనిషి అన్నవాళ్లు ఉన్నారు, మహానుభావుడు అన్నవాళ్లు ఉన్నారు. రెండు రకాలవాళ్లూ మళ్లీ ఆదివారం వచ్చేవాళ్లు.

అటువంటి మనిషి దగ్గరికి శ్రావణమాసంలో ఒక ఆదివారం తవిటినాయుడు వచ్చాడు. ప్రాథమికోన్నత పాఠశాలలో ఎనిమిదేళ్లుగా లెక్కలూ సైన్సూ చెబుతున్నవాడు, ముప్పై మూడేళ్లవాడు. బడి నడుపుకుంటూనే పోటీపరీక్ష రాశాడు, డిప్యూటీ తాసీల్దారుగా ఎంపికయ్యాడు. వచ్చే గురువారం సాయంత్రం ఐదు లోపల జిల్లా కేంద్రంలో కలెక్టరాఫీసుకు వెళ్లి చేరాలి. ఐదు దాటితే ఆ ఉద్యోగం జాబితాలో తరవాతి పేరుకు పోతుంది. కాగితంలో ఆ మాట లావు అక్షరాలతో ఉంది. ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో పండగే. మామగారైతే అల్లుడు జీపు దిగే దృశ్యాన్ని ఊళ్లో పదిమందికి మాటలతోనే చూపించేశాడు. బతకలేక బడిపంతులు అన్న మాట ఇన్నాళ్లూ అల్లుడి ముందు నోటిదాకా వచ్చినా మింగేసినవాడు, ఇప్పుడు హాయిగా పైకే అంటున్నాడు.

ఇంతమందీ సంతోషిస్తుంటే తవిటినాయుడికి మాత్రం కంట్లో నలుసు పడ్డట్టుగా ఉంది. వెళ్లడం ఇష్టం లేక కాదు. వెళ్లాలనే ఉంది. తెలిసిన పెద్దమనిషి ఎవరైనా వెళ్లు అని గట్టిగా ఒక్కమాట అంటే ఆ నలుసు పోతుందని అతని ఆశ. పైగా ఆ మాట అనిపించుకోవడానికి కావలసిన సాక్ష్యం కూడా సంచీలో పెట్టుకునే వచ్చాడు. ఉపాధ్యాయులు తమ వృత్తి ఎంత ఆకర్షణీయంగా ఉందనుకుంటున్నారో తెలుసుకోవాలని పైనుంచి ప్రశ్నపత్రాలు వచ్చాయి. పదికి ఎన్ని మార్కులు వేస్తారు, మీ పిల్లల్ని ఈ వృత్తిలోకి పంపుతారా, ఇలాంటివి. కంప్యూటరు బాగా తెలిసినవాడని మండలంలో వాటిని పోగుచేసి ఎక్కించే పని ఇతనికే తగిలించారు. నలభైమూడు పత్రాలు.

మాస్టారు వరండాలో చాప మీద కూర్చుని, చినిగిపోయిన పాఠ్యపుస్తకాలకి అట్టలు వేస్తున్నారు. పురుగు పట్టకుండా మైదాపిండి జిగురులో చిటికెడు మైలతుత్తం కలిపి, వాటిని అతికించడం రిటైరైన తరవాత ఆయన పెట్టుకున్న పని. తవిటినాయుడు నమస్కారం చేసి ఎదురుగా కూర్చున్నాడు. సంగతంతా చెప్పాడు. చివరికి అసలు మాట అడిగాడు.

"సూటిగా చెప్పండి మాస్టారూ. మన ఉద్యోగంలో మనిషిని పట్టి ఉంచే ఆకర్షణ అంటూ ఏమైనా ఉందా?"

"వాళ్లంతా ఏమన్నారు?" అన్నారు మాస్టారు, జిగురు గిన్నె పక్కకి జరుపుతూ.

"అందరూ ఒకటే పాట. పదికి ఒకటి, రెండు, ఒకటి. అందరికన్నా ఎక్కువ వేసినాయన నాలుగు వేశాడు. ఆయన వచ్చే నెలలో రిటైరవుతున్నాడు."

"నువ్వెంత వేశావు?"

"రెండు," అన్నాడు తవిటినాయుడు. ఆ రెండు కూడా మొహమాటానికి వేసినవే అని తనలో అనుకున్నాడు.

మాస్టారు చేతులు తుడుచుకుని పత్రాల కట్ట తీసుకున్నారు. పరీక్ష పేపర్లు దిద్దే మనిషి వేగంతో తిరగేశారు. ఒకచోట ఆగారు. మార్కుల గడిలో ఇంత పెద్ద సున్నా ఉంది, గడి సరిపోక బయటికి వచ్చింది. మీ పిల్లల్ని పంపుతారా అన్నచోట, 'మా ఇంటి పిల్లిని కూడా పంపను' అని గుండ్రటి దస్తూరీలో రాసి ఉంది. కింద పేరు: పేరిందేవి, జీడివలస ప్రాథమిక పాఠశాల.

"ఈవిడకి మోకాలి ఆపరేషను, రేపట్నుంచి సెలవు," అన్నారు మాస్టారు. "ఆ బడికి సర్దుబాటు మీద ఎవరో ఒకరు వెళ్లాలిట. ఎం.ఇ.ఓ.తో నేను మాట్లాడతాను. రేపొక్కరోజు నువ్వు వెళ్లి అప్పగింత తీసుకో, తరవాత ఇంకొకరు వస్తారు. మంగళవారం సాయంత్రం రా."

అడిగిందేమిటి, ఈయన పంపేదెక్కడికి అనుకున్నాడు తవిటినాయుడు. ఇంకో నాలుగు రోజుల్లో కుర్చీ ఎక్కబోయేవాడికి సర్దుబాటు డ్యూటీ వెయ్యడం కొంచెం మనసుకి కష్టంగానే తోచింది. కానీ ఎం.ఇ.ఓ. కూడా ఆ వరండాలో కూర్చుని పోయినవాడే. అరగంటలో ఫోను మీద ఆర్డరు వచ్చేసింది.

మర్నాడు తొమ్మిదింటికల్లా తవిటినాయుడు జీడివలస చేరాడు. కొండ కింద ఊరు. బడి అంటే ఒక గది, ఒక వరండా, ముందు చదునైన ఆవరణ. ఒకటి నుంచి ఐదు తరగతులకి కలిపి పంతొమ్మిదిమంది పిల్లలు, ఒకే ఒక్క టీచరు. గేటు బయట తెల్ల కారు ఆగి ఉంది. కారుకి ఆనుకుని, విశాఖపట్నం నుంచి వచ్చిన పేరిందేవిగారి అల్లుడు చేతి గడియారం చూసుకుంటున్నాడు. పదింటికి కదిలితే మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రిలో చేరొచ్చు. రెండు దాటితే మర్నాటి ఆపరేషన్ల జాబితా కట్టేస్తారు, మళ్లీ పద్దెనిమిది రోజులదాకా ఆ డాక్టరు దొరకడు. ఈ లెక్క ఆయన తవిటినాయుడికి ఒకసారి, వంటమనిషికి ఒకసారి, ఎవరూ లేకపోతే గేటుకి ఒకసారి చెప్పాడు.

పేరిందేవిగారికి యాభై ఆరేళ్లు. కుడికాలు ఈడుస్తూ నడుస్తోంది. తవిటినాయుడిని చూడగానే ఆవిడ ముఖం వికసించింది. ఆ సంతోషం అతన్ని చూసి కాదు, బరువు దింపుకోవడానికి ఒక తల దొరికినందుకు.

"రా నాయనా, రా. ఇదిగో తాళాలు. ఇది బియ్యం గదిది, ఇది బీరువాది, ఇది దేనిదో నాకూ తెలీదు, పదేళ్లుగా మోస్తున్నాను. ఇది ఫోను. పొద్దున్న రాగానే నీ మొహం ఫొటో. తరవాత పిల్లల హాజరు. తరవాత మరుగుదొడ్డి ఫొటో, అది కడక్క ముందొకటి, కడిగాక ఒకటి. మధ్యాహ్నం కోడిగుడ్ల ఫొటో. గుడ్డు ఒకటి తక్కువ కనబడిందో, సాయంత్రందాకా సంజాయిషీ. ఇవన్నీ అయ్యాక టైము మిగిలితే చదువు చెప్పుకో, ఎవరూ వద్దనరు."

తవిటినాయుడు నవ్వుతూ తాళాలు అందుకున్నాడు. నలభైమూడు పత్రాల్లో చదివిందే ఇప్పుడు చెవులారా వింటున్నాడు.

"నువ్వు డిప్యూటీ తాసీల్దారువి అయ్యావటగా. విన్నాను," అంది ఆవిడ. "వెళ్లిపో. వెనక్కి చూడకు. నేనే అయితే ఈపాటికి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేదాన్ని. ముప్పైరెండేళ్లు నిలబడి నిలబడి ఈ మోకాలు అరిగింది. ఏ ఆఫీసులోనైనా కూర్చుని ఉంటే ఇది కొత్తదానిలా ఉండేది."

దూరపు కొండలు నునుపు అంటారు గానీ, ఆవిడ మాటలో ఆ మాత్రం నిజం ఉందని తవిటినాయుడికి అనిపించింది. ఆ పైన మనసు తేలికపడింది కూడా. మాస్టారు తనని ఇక్కడికి పంపింది ఈ మాట ఈవిడ నోటివెంట వినడానికే కాబోలు అనుకున్నాడు. ఆవిడ రిజిస్టర్లు అప్పగించింది, సంతకాలు పెట్టించింది, ఏ పిల్లకి కళ్లజోడు, ఏ పిల్లాడికి మూర్ఛ అన్నీ చెప్పింది. ఒకటో తరగతికి ఎక్కడిదాకా అయింది, ఐదో తరగతికి ఏం మిగిలింది, నీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకో, నాదేం అభ్యంతరం లేదు అంది. తొమ్మిదిన్నర అయింది. ఆవిడ చేతిసంచీ భుజాన వేసుకుంది.

అప్పుడు తవిటినాయుడు, మర్యాదకి ఏదో ఒకటి అనాలని, "మూడో తరగతికి గడియారం చూడటం ఈ వారంలో అయిపోవాలని ఆర్డరు ఉంది కదా మేడం. ఇవాళే మొదలెట్టేస్తాను. మీరేం దిగులు పడకండి," అన్నాడు.

ఆవిడ సంచీ భుజాన అలాగే ఉంది. ముఖంలో మాత్రం ఇందాకటి సంతోషం లేదు.

"అది వద్దు," అంది.

"మీరు వచ్చేసరికి ఆరువారాలు పడుతుంది కదండీ."

"ఆరువారాలు గడియారం చూడకపోతే వీళ్లకేం రైలు తప్పిపోదు. మిగతావన్నీ చెప్పు. అది నేను వచ్చి చెప్పుకుంటాను."

"ఆర్డరు..."

"ఆర్డరు నాకు తెలుసు." ఆవిడ గేటు వైపు చూసింది. పిల్లల వైపు చూసింది. వాళ్లలో మూడో తరగతి పిల్లలు నలుగురు. "కారు పదింటికి కదా," అంది, తనలో తాను అనుకున్నట్టు. "పావుగంట. పావుగంటలో చెప్పేస్తాను."

సంచీ దించింది. బీరువాలోంచి ముగ్గు డబ్బా తీయించింది. పిల్లలకి ఇది కొత్త కాదు, పెద్ద తరగతులవాళ్లు వెంటనే బయటికి పరిగెత్తారు. ఆవరణలో పెద్ద గుండ్రం గీశారు. దాని మీద పన్నెండుమంది పిల్లలు, ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలై కూర్చున్నారు. గుండ్రం లోపల ఇంకో చిన్న గుండ్రం. ఐదో తరగతి కుర్రాడు సిమ్మాచలం పెద్దముల్లు. వాడు పెద్ద గుండ్రం వెంట నడుస్తూ, ఒక్కొక్క పిల్ల దగ్గరా ఐదు, పది, పదిహేను అని అరవాలి. వాడు ఒక చుట్టు పూర్తిచేస్తే గంట. చిన్నముల్లు టీచరమ్మే. పెద్దముల్లు చుట్టంతా తిరిగి వచ్చేసరికి ఆవిడ చిన్న గుండ్రం మీద ఒక్క అంకె జరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ పని ఆవిడే చేస్తోందనీ, ఇప్పుడు మోకాలికి కూడా అదే అనుకూలమనీ వంటమనిషి తవిటినాయుడి చెవిలో చెప్పింది.

ఆ ముగ్గు గడియారంలో పదిగంటల దగ్గర మొదలైంది పాఠం. ఒక చుట్టు తిరిగేసరికి పదకొండు కొట్టారు, పన్నెండుమందీ చప్పట్లతో. పావుగంట సరిగ్గా అక్కడితో అయిపోవలసిందే. మూడు అంకె మీద మూడో తరగతి పిల్ల కూర్చుని ఉంది, పైడితల్లి అని. ఎర్ర రిబ్బన్లు, చేతికి పసుపుతాడు. ఆ పిల్ల చెయ్యి ఎత్తింది.

"టీచరమ్మా, నాను మూడా, పదిహేనా?"

"మూడే."

"మరి ఈడు నా కాడికొచ్చి పదిహేను అన్నాడు."

"వాడొస్తే పదిహేను. నేనొస్తే మూడు."

పైడితల్లి ఆలోచించింది. ఇందులో ఏదో మోసం ఉందని ఆ పిల్లకి గట్టిగా అనిపించినట్టుంది. "మీరు రానేదు కదా," అంది.

నిజమే. టీచరమ్మ పదకొండు దగ్గర నిలబడి ఉంది. మూడు దగ్గరికి రావాలంటే సిమ్మాచలం ఇంకా నాలుగు చుట్లు తిరగాలి. తవిటినాయుడు చూస్తుండగా ఆవిడ కళ్లు ఒక్కసారి గేటు వైపు వెళ్లాయి. కారు దగ్గర అల్లుడు చెయ్యి ఎత్తి గడియారం చూపించాడు. "తిరగరా," అంది ఆవిడ సిమ్మాచలంతో. కళ్లు మళ్లీ అటు వెళ్లలేదు.

సిమ్మాచలం తిరిగాడు. నాలుగు చుట్లతో అయిపోతే ఎంతసేపు? కానీ ప్రతి అంకెకీ అనుమానం పుట్టుకొచ్చింది. ఏడు, నేను ముప్పై ఐదు ఎలాగయ్యానంది. పన్నెండు, నా దగ్గర వాడేమీ అనకుండా పోతున్నాడని అలిగింది. అరవై అని చెప్పి దానిని ఓదార్చారు. అరవై అంటే మళ్లీ సున్నాయేనని ఎవరో అన్నారు, దాని మీద ఒక తగువు. మధ్యలో పెద్దముల్లు నీళ్లు తాగడానికి వెళ్లింది. ఒకటో తరగతి పిల్లలు ముగ్గురు సెకన్లముళ్లం మేమని ప్రకటించుకుని ఆవరణంతా పరిగెత్తారు. వాళ్లని ఎవరూ ఆపలేదు. అల్లుడు రెండుసార్లు హారను కొట్టాడు. పిల్లలు దాన్ని గంట కొట్టడమనుకుని చప్పట్లు కలిపారు.

తవిటినాయుడు వరండా స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. వెళ్లి గుర్తు చెయ్యాలని అతనికి మూడుసార్లు అనిపించింది. మూడుసార్లూ, ఈ పిల్లకి తేలనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. తాను కూడా ఆ పిల్ల ముఖమే చూస్తున్న సంగతి అతనికి తెలియలేదు.

చివరికి టీచరమ్మ కుంటుకుంటూ మూడు దగ్గరికి వచ్చి నిలబడింది. "ఇప్పుడు నువ్వెవరు?"

"మూడు," అంది పైడితల్లి. సిమ్మాచలం వెనక నుంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. వాణ్ణి చూసి, "పదిహేను," అంది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ తరవాత తాపీగా అంది: "మా అయ్యకి నాను కూతుర్ని. మా తమ్ముడికి అప్పని. అలాగన్నమాట."

పేరిందేవిగారు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు అలాగే నిలబడింది. తరవాత తవిటినాయుడి వైపు తిరిగి, "విన్నావా?" అంది. "ముప్పైరెండేళ్లుగా చెబుతున్నాను ఈ పాఠం. ఈ మాట నాకు తట్టలేదు. వచ్చే ఏడు నుంచి ఇలాగే చెప్పాలి." అంతటితో ఆగకుండా, మిగతా ముగ్గురు మూడో తరగతి పిల్లలకీ అయ్య, అప్ప వరసల మీద పాఠమంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించింది, పైడితల్లి చేత. ఆ పిల్ల ఒక్కదానికి తెలిస్తే చాలదు కదా మరి.

అల్లుడు గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. కోపం అణుచుకుని అణుచుకుని ఆయన గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది.

"అత్తయ్యగారూ, పన్నెండున్నర అయింది."

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అయ్యో, చూసుకోనే లేదు బాబూ," అంది.

"చూడటమే కదండీ మీరు చెబుతున్న పాఠం," అన్నాడాయన.

ఆసుపత్రికి ఫోను చేశారు. ఎంత వేగంగా వచ్చినా రెండు దాటుతుందని, జాబితా కట్టేస్తామని, పద్దెనిమిది రోజులాగి రమ్మని అవతల నుంచి చెప్పారు. అల్లుడు కారెక్కి తలుపు గట్టిగా వేసుకున్నాడు. పేరిందేవిగారు వరండా మెట్టు మీద కూర్చుని, రెండు చేతులా మోకాలు పట్టుకుని ఒత్తుకుంది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకా పద్దెనిమిది రోజులు ఆ కాలు మీదే నిలబడాలి.

"చూశావా నాయనా," అంది, పమిటచెంగుతో కళ్లు తుడుచుకుంటూ. "అందుకే అన్నాను దిక్కుమాలిన ఉద్యోగమని. ఆఖరికి మోకాలు కూడా బాగుచేసుకోనివ్వదు."

తవిటినాయుడికి ఆవిడ మీద జాలి కలిగింది. కొంచెం చిలిపితనం కూడా కలిగింది. "ఆ పత్రం నా దగ్గరే ఉంది మేడం. మార్కులేమైనా మారుస్తారా?" అని అడిగాడు.

"ఎందుకు మార్చను? సున్నా కంటే కిందిదేదైనా ఉంటే చెప్పు, వేస్తాను," అంది ఆవిడ. అన్నాక, "గుడ్ల ఫొటో తీశావా?" అని అడిగింది. అతను తియ్యలేదు.

మంగళవారం సాయంత్రం తవిటినాయుడు మాస్టారి వరండా ఎక్కాడు. ఆయన ఇంకా అట్టలు వేస్తూనే ఉన్నారు. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. చెబుతున్నంతసేపూ దీని భావం తనకి తెలిసిపోయిందన్న ధీమా అతని గొంతులో ఉంది.

"అంటే పైకి ఎంత తిట్టుకున్నా లోపల అందరికీ ఇష్టమే. నన్ను వెళ్లవద్దని చెప్పడానికే కదా మాస్టారూ మీరు అక్కడికి పంపింది?"

"నేనలా అన్నానా?" అన్నారు మాస్టారు. "ఆవిడ మోకాలు ఎలా ఉంది?"

"నొప్పిగానే ఉంది."

"అల్లుడు మాట్లాడుతున్నాడా?"

"లేదండి."

"మరి ఆ సున్నా అబద్ధమెలా అవుతుంది?" ఆయన ఇంకో పుస్తకం అందుకున్నారు. "ఆవిడ ఆలోచించే వేసింది. నువ్వు వెళ్లు నాయనా. మంచి ఉద్యోగం, నలుగురికి ఉపయోగపడే ఉద్యోగం. ఇంట్లోవాళ్లు ఆశపెట్టుకున్నారు. వెళ్లకపోతే తప్పవుతుంది."

తవిటినాయుడు ఏ మాట కోసం ఆదివారం నుంచి తిరుగుతున్నాడో ఆ మాట అదే. వింటే నలుసు పోతుందనుకున్నాడు. పోలేదు. కన్ను మరి కాస్త గరగరలాడినట్టయింది.

"గురువారం నీ తరగతులు నేను చూసుకుంటాను," అన్నారు మాస్టారు. "మీ హెడ్మాస్టరు కాదనడు. ఖాళీగా ఉన్నవాణ్ణే కదా. పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపో. ఏ పీరియడులో ఏముందో చెప్పు, రాసుకుంటాను." అట్టముక్క ఒకటి తీసి పెన్సిలు పట్టుకున్నారు.

"మొదటిది ఆరో తరగతి లెక్కలు. భిన్నాలు. ఎక్కడి నుంచి మొదలెట్టినా ఫరవాలేదండి."

మాస్టారు రాసుకున్నారు.

"రెండోది ఎనిమిదికి. పోయినవారం పరీక్ష పేపర్లు ఇచ్చెయ్యడమే."

రాసుకున్నారు.

"మూడోది ఏడో తరగతి. కాంతి పాఠం." తవిటినాయుడు ఆగాడు. మాస్టారు పెన్సిలు ఎత్తి పట్టుకుని ఎదురుచూశారు. "అట్టపెట్టెకి ఒక పక్క సూదితో బెజ్జం పెట్టి, రెండో పక్క నూనె రాసిన కాగితం అతికిస్తాం కదండీ. బయటి చెట్టు ఆ కాగితం మీద పడుతుంది. గురువారానికి తెమ్మంటే ఎనిమిది రోజుల నుంచి పోగుచేస్తున్నారు పెట్టెలు. చెప్పులవి, మందుసీసాలవి. ఒకడికి ఎక్కడా దొరక్క వాళ్లమ్మ గాజుల పెట్టె ఖాళీ చేసి పట్టుకొచ్చాడు."

"నాకు తెలుసు ఆ పాఠం. చెబుతాను."

"మీకు తెలీదని కాదు మాస్టారూ. చెట్టు తలకిందులుగా పడుతుంది కదా. చూడగానే వాళ్లు పెట్టెను తిప్పి పట్టుకుంటారు. పెట్టె తిప్పితే చెట్టు నిలబడుతుందని. ప్రతి ఏడూ అంతే, ఒక్కడు కూడా తిప్పకుండా ఉండడు. ఎటు తిప్పినా అది తలకిందులుగానే ఉంటుంది. అప్పుడు పెట్టె దించి నా మొహం చూస్తారు." అతను చేతులతో పెట్టె దించినట్టు చూపించాడు. "అప్పుడు నేను అక్కడ ఉండాలండి."

మాస్టారు మూడో పీరియడు ఎదురుగా ఏమీ రాయలేదు. "ఎన్నింటికి అయిపోతుంది?" అని మాత్రం అడిగారు.

"పదకొండుంబావుకల్లా. పదకొండున్నరకి బస్సుంది. మూడింటికి కలెక్టరాఫీసులో ఉంటాను. ఐదు దాకా టైముంది. సరిపోతుంది మాస్టారూ."

"సరిపోతుంది," అన్నారాయన. వరండా చూరు కింద నుంచి ఒకసారి ఆకాశం చూశారు. పడమర కొండల మీద శ్రావణపు మబ్బు దట్టంగా కూర్చుని ఉంది. "దానికి ఎండ కావాలి కదా."

"కావాలండి."

"గురువారం మబ్బు పడితే?"

"మబ్బుదేముంది మాస్టారూ," అన్నాడు తవిటినాయుడు. "కాసేపు ఆగితే ఎండ రాకుండా ఉంటుందా?"

అన్నాక తన మాట తన చెవిన పడి అతను ఆగిపోయాడు. మాస్టారు జిగురు గిన్నె దగ్గరికి లాక్కుని, చినిగిన పేజీ అంచు బొటనవేలితో సరిచేశారు.

"నేనూ కాసేపు ఆగుదామనే అనుకున్నాను," అన్నారు. "ఇంతలో రిటైర్మెంటు వచ్చింది."